క్షేమంగా తిరిగి వచ్చినాము

ఈ సంచికకు ఏదైనా వ్రాసి ఇవ్వమని సంపాదకవర్గం విద్యార్థులు ఇద్దరు మా ఇంటికి వచ్చి అడిగినప్పుడు నాకు మొదట నవ్వు వచ్చింది. పాత విద్యార్థులు వ్రాసే వ్యాసాలు ఎట్లా ఉంటాయో నాకు తెలియనిది కాదు. "మా రోజులలో" అని మొదలవుతాయి, "నేటి యువతరం" దగ్గర మలుపు తిరుగుతాయి, నాలుగు నీతివాక్యాలతో ముగుస్తాయి. చదివేవాడు రెండవ పేరాలోనే పేజీ తిప్పి తన ఫోటో ఏ పేజీలో పడిందో వెతుక్కుంటాడు. నేనూ అట్లాగే చేసేవాణ్ణి.

అయినా ఒప్పుకొన్నాను. ఎందుకంటే ఇదే సంచికలో, 1986 దసరా సెలవుల తర్వాత, నేను ఒక విహారయాత్ర నివేదిక వ్రాసినాను. అందులో చివరి వాక్యం ఇది: "ఆ విధముగా మేమందరము యాత్రను ఆనందముగా గడిపి క్షేమంగా తిరిగి వచ్చినాము." ఆ వాక్యంలో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. కాని మొత్తం వాక్యం అబద్ధం. దాన్ని సవరించుకొనే అవకాశం ఇన్నేళ్లకు దొరికింది, కాదనుకోవటం ఎందుకు?

మాది కల్వకుర్తి. మా ఊరికి ఏరు లేదు. ఉన్నదల్లా రఘుపతిపేట పక్కనుంచి పోయే దుందుభి వాగు. వానలు పడితే పొంగుతుంది, పడకపోతే ఇసుక. మా చిన్నతనంలో ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. అందువల్ల మా తాలూకా పిల్లలకు నీళ్లంటే బావి. మోట బావిలో, ఎండు బెండ్లు నడుముకు కట్టి పెద్దలు తోస్తే ఈత నేర్చినవాళ్లమే అందరమూ. "నేర్చినవాళ్లమే" అన్నాను గాని నాకు రాలేదు. బెండ్లు విప్పిన రోజున రెండు గుక్కలు మింగి పైకి వచ్చి, ఇంక జన్మలో దిగనని ఒట్టు పెట్టుకొన్నాను. మా మిత్రబృందంలో ఒకడు మాత్రం గజఈతగాడు. బావి గడ్డ మీదనుంచి తలకిందులుగా దూకి, అడుగున మన్ను పట్టుకొని వచ్చి చూపించేవాడు. ఇక్కడ అతని పేరు వ్రాయను. ఈతగాడు అంటే మా వాళ్లకు తెలుస్తుంది.

ఆ ఏడు నేను విద్యార్థి సంఘానికి సహాయ కార్యదర్శిని. సెలవులకు ఎక్కడికైనా పోదామన్నారు. హంపి అన్నారు, నాగార్జునకొండ అన్నారు. నాగార్జునకొండ కూడా ద్వీపమే, లాంచీ మీద పోవాలి. కాని డబ్బు చాలదు. అప్పుడు మక్తల్ దిక్కు చుట్టరికం ఉన్న ఒకతను కురువపురం పేరు ఎత్తినాడు. కృష్ణ నడిమధ్య ఉన్న చిన్న ద్వీపం. పిఠాపురంలో పుట్టిన శ్రీపాద శ్రీవల్లభులు తపస్సు చేసిన చోటు అని దత్తాత్రేయ భక్తులు నమ్ముతారు. ద్వీపం రాయచూరు జిల్లాలోది. మన వైపునుంచి పోవాలంటే మక్తల్ దాటి పంచదేవ్‌పహాడ్ రేవుకు చేరి, అక్కడ పుట్టి ఎక్కాలి. పుట్టిలో కూర్చొని ఒక రాష్ట్రంనుంచి ఇంకొక రాష్ట్రానికి పోవచ్చు అనగానే అందరికీ హుషారు వచ్చింది.

పద్నాలుగు మందిమి బయలుదేరినాము. కల్వకుర్తినుంచి మిడ్జిల్ మీదుగా జడ్చర్ల, అక్కడినుంచి పాలమూరు, దేవరకద్ర, మరికల్, మక్తల్. బస్సులు మారి మారి, చివరి దూరం ఎద్దుబండి కొంత, కాలినడక కొంత. రేవుకు చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. కృష్ణను నేను అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి. అవతలి ఒడ్డు ఎక్కడో సన్నగా ఉంది. మధ్యలో పెద్దపెద్ద బండలు ఏనుగులు పడుకొన్నట్లు ఉన్నాయి. నీళ్లు ఎర్రగా, చప్పుడు లేకుండా పోతున్నాయి. చప్పుడు లేదు కాబట్టి మెల్లగా పోతున్నాయనుకొన్నాను. ఆ రోజు చేసిన తప్పుల లెక్క అక్కడినుంచి మొదలవుతుంది.

పుట్టి చూడనివారికోసం చెబుతాను. వెదురు బద్దలతో పెద్ద గంపలాగా గుండ్రంగా అల్లి, అడుగున వెనుకటి కాలంలో తోలు, ఆ తర్వాత తారు పూసిన గుడ్డ కట్టేవారు. దానికి ముందు లేదు, వెనుక లేదు. ఒకటే తెడ్డు. తెలిసినవాడు తెడ్డు వేస్తే చెప్పినట్లు వింటుంది, తెలియనివాడు వేస్తే ఉన్నచోటనే తిరుగుతుంది. బండల మధ్య పెద్ద పడవ పోలేనిచోట పుట్టి పోతుంది. అదే దాని గొప్ప. దాని అంచు నీళ్లకు మూరెడు ఎత్తున ఉన్నంతసేపూ భయం లేదు. ఎక్కే ఒక్కొక్క మనిషితో ఆ మూరెడు తగ్గుతూ వస్తుంది. అదే దాని ప్రాణం.

రేవులో ఒక ముసలాయన ఉన్నాడు. మమ్మల్ని ఒకసారి తలలు లెక్కపెట్టి చూచి, "ఎనమండ్రు ఎక్కుండ్రి. మిగిలినోల్లను మల్లొక తాప ఒచ్చి తోల్కపోత" అన్నాడు.

తలకు రెండు రూపాయలు. రెండు తాపలంటే గంటన్నర పోతుంది. సాయంత్రం మక్తల్‌లో బస్సు తప్పితే రాత్రి అక్కడే. లెక్కల పుస్తకం నా చేతిలో ఉంది. నేనన్నాను, "పద్నాలుగు మందిమి పట్టమా తాతా? అంత పెద్దగున్నది గదా పుట్టి?"

"పట్టుడు వేరే, మోసుడు వేరే బిడ్డా."

ఆ మాట విని ఊరుకొంటే ఈ వ్యాసమే లేదు. కాని పక్కన మిత్రులు ఉన్నారు, నేను సహాయ కార్యదర్శిని. "తాతకు రెక్కలలో బలం తగ్గింది, అందుకని ఎనమండ్రు అంటున్నాడు" అని పైకే అన్నాను. అందరూ నవ్వినారు. ముసలాయన నవ్వలేదు, కోపం కూడా తెచ్చుకోలేదు. బీడీ వెలిగించుకొని అవతలికి తిరిగి కూర్చున్నాడు. పక్క పుట్టివాడు పడుచువాడు. "ఎక్కుండ్రి సార్, ఒక్కటే తాప" అన్నాడు. రూపాయిన్నరకు బేరం కూడా కుదిర్చినాను. మొత్తం ఏడు రూపాయలు మిగిలినాయని పుస్తకంలో వ్రాసినాను. ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గర ఉంది.

సగం దూరం వరకు పాటలు పాడుకొంటూ పోయినాము. బండల దగ్గరికి రాగానే పుట్టి కొంచెం తిరిగింది. పడుచువాడు "కదలకుండ్రి" అన్నాడు. అప్పుడే మాలో ఒకరి చేతిలో ఆగ్‌ఫా క్లిక్ కెమెరా బయటికి వచ్చింది. వెనుక బండలు పడేటట్లు ఫోటో తీయాలని ఈతగాడు లేచి నిలబడ్డాడు. వాడు నిలబడగానే ఫోటోలో పడాలని నలుగురు అటువైపు జరిగినారు. అంతే. పుట్టి అంచు నీళ్లలోకి దిగింది. గంపలోకి బిందెలకొద్దీ నీళ్లు పోసినట్లు అయింది. అందరమూ ఒక్కసారి ఇటువైపుకు విరుచుకుపడినాము. ఆ ఊపుకు ఈతగాడు ఏట్లో పడ్డాడు.

పడ్డాడని మాకు భయం కలుగలేదు, నమ్ముతారా? "వానికేం, ఈత వచ్చు" అని ఎవరో అన్నారు కూడా. మోకాలి లోతు నీళ్లలో కూర్చొని టిఫిను డబ్బాలతో తోడుతూ వాడివైపు చూస్తున్నాము. వాడు మావైపే ఈదుతున్నాడు. చేతులు బాగా వేస్తున్నాడు. కాని మాకూ వాడికీ మధ్య దూరం పెరుగుతూనే ఉంది. బావిలో నీళ్లు నిలబడి ఉంటాయి, నీవు ఎటు ఈదితే అటు పోతావు. ఏట్లో నీళ్లు నీకంటే ముందే ఎటు పోవాలో నిశ్చయించుకొని ఉంటాయి. ఈ సంగతి వాడికి తెలియదు. మాకెవరికీ తెలియదు. వాడి తల ఒకసారి మునిగి లేచింది. రెండవసారి మునిగి కొంచెం ఆలస్యంగా లేచింది. అప్పుడు వాడు అరవలేదు. మునిగేవాడు కేకలు వేస్తాడని సినిమాలలో చూపుతారు. ఊపిరికే నోరు చాలనివాడు కేక ఎట్లా వేస్తాడు?

అరచింది ముసలాయన. ఇద్దరు యాత్రికులను ఎక్కించుకొని మా వెనుకే వస్తున్నాడు. "ఎదురీదకు! ఏటెంబడి పో! అడ్డంగ ఒడ్డుకు రా!" అని గొంతు చించుకొని అరుస్తూ, తన పుట్టిని ప్రవాహానికి వదిలిపెట్టి కిందికి పోయినాడు. వాడు విన్నాడో, చేతులు పడిపోయి ఊరుకొన్నాడో ఇప్పటికీ వాడికే జ్ఞాపకం లేదు. దిగువన ఒక బండ పక్కన తాత తాడు విసిరినాడు, వాడు పట్టుకొన్నాడు. తాత చేయి ఇచ్చి లాగలేదు, తాడే ఇచ్చినాడు. ఎందుకో నాకు చాలాకాలానికి గాని అర్థం కాలేదు. మునుగుతున్నవాడు చేతికి ఏది దొరికితే దాన్ని తొక్కి పైకి రావాలని చూస్తాడు. రక్షించబోయినవాడినే ముంచుతాడు.

ద్వీపంలో దర్శనం చేసుకొన్నాము. ఎవరం ఎవరితోను మాట్లాడలేదు. తిరుగు ప్రయాణం తాత పుట్టిలోనే, ఏడుగురు ఏడుగురుగా, రెండు తాపలు. ఒడ్డున దిగి, మిగిలిన ఏడు రూపాయలు, ఇంకొక ఇరవై కలిపి ఆయన చేతిలో పెట్టబోయినాను. తన పద్నాలుగు మనుషుల కిరాయి లెక్కపెట్టి తీసుకొని మిగతావి తిరిగి ఇచ్చినాడు.

"పైసలు గాదు బిడ్డా. మీ కాలేజిలకెల్లి ఇంకొకలు ఒస్తరు గద. వాళ్లకు జెప్పు."

చెబుతానన్నాను. తర్వాత వచ్చి నేను వ్రాసిన నివేదిక సంగతి పైన చెప్పినాను కదా. ప్రిన్సిపాలుగారికి తెలిస్తే మరుసటి ఏడు యాత్రలు ఆపుతారని ఒక సాకు. ఇంట్లో తెలిస్తే తిడతారని ఒక సాకు. అసలు కారణం నా సిగ్గు. ఆ నివేదిక చదివి తర్వాతి సంవత్సరం ఇంకొక బృందం కురువపురం పోయింది. వాళ్లు ఎంతమంది ఎక్కినారో, ఎట్లా పోయినారో నేను అడగలేదు. అడగటానికి ధైర్యం చాలలేదు.

ఆ పిదప ఏ నీటి ప్రమాదం వార్త చదివినా నాకు ఏడు రూపాయలే జ్ఞాపకం వచ్చేవి. 2007 జనవరిలో, మన కొల్లాపూరు దగ్గర సింగోటం జాతరకు కృష్ణ దాటి వస్తున్నవారి పడవ శ్రీశైలం వెనుకనీళ్లలో మునిగి అరవై మంది వరకు చనిపోయినారు. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలో హైదరాబాదు ఇంజనీరింగు కళాశాల పిల్లలు 24 మంది కొట్టుకొనిపోయినారు. బండల మీద నిలబడి ఫోటోలు తీసుకొంటుండగా పైనున్న లార్జి డ్యాంనుంచి నీళ్లు వదిలినారు. 2017 నవంబరు 12, కార్తీక ఆదివారం, విజయవాడ దగ్గర పవిత్ర సంగమానికి పోతున్న పడవ తిరగబడి ఇరవై మందికి పైగా పోయినారు. ఆ పడవకు అనుమతి లేదు. 2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడబోయిన లాంచీ గోదావరి వరదలో కచ్చులూరు దగ్గర మునిగి యాభై మంది వరకు ప్రాణాలు కోల్పోయినారు. అన్నిటిలోను పోయినవారు పండుగకో, సెలవుకో, దర్శనానికో సంతోషంగా బయలుదేరినవారే.

2020 ఆగస్టులో వచ్చిన వార్త మాత్రం నన్ను కూర్చోనీయలేదు. పంచదేవ్‌పహాడ్ దగ్గర, అదే రేవు దిక్కున, వరద కృష్ణలో పుట్టి మునిగి నలుగురు గల్లంతు. వాళ్లు యాత్రికులు కూడా కారు. సరుకులు తెచ్చుకొని ఇంటికి పోతున్న ద్వీపంవాళ్లు. ఏటితో పుట్టి పెరిగినవాళ్లనే ఏరు ఒక్కొక్కప్పుడు వదలదు. ఇక కల్వకుర్తి బావి ఈత ఎంత!

ఆ రాత్రి ఈతగాడు ఫోను చేసినాడు. ఇప్పుడు ఊరిలోనే వ్యవసాయం. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "తాత చెప్పమన్నది చెప్పినవారా నువ్వు?" అని అడిగినాడు. అంతే అడిగినాడు.

కాబట్టి తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, ఇప్పుడు చెబుతున్నాను. సోమశిలకు పొండి, కురువపురం పొండి, నాగార్జునకొండ చూడండి. పోవద్దని చెప్పేవాడు పెద్దమనిషి కాదు, పిరికివాడు. కాని రేవులో దిగగానే మొదట చూడవలసింది నీళ్లను కాదు, మనిషిని. ఆ ఒడ్డున ఎక్కువ ఏండ్లు తెడ్డు వేసినవాడు ఎవడో అడగండి. వాడు "ఈ రోజు వద్దు" అంటే వెనుకకు తిరిగి రండి. "ఇంతమందే" అంటే అంతమందే ఎక్కండి. తక్కువ ధరకు ఎక్కువమందిని ఎక్కిస్తాననేవాడు మీకు ఉపకారం చేయటం లేదు.

లైఫ్ జాకెట్ ఒడ్డునే తొడిగి, పట్టీలు బిగించి ఎక్కండి. మునిగేటప్పుడు వేసుకొందామంటే సమయం ఉండదు. ఉక్కపోస్తుందని మధ్యలో విప్పవద్దు. జాకెట్టు లేని పడవ ఎంత అందంగా ఉన్నా ఎక్కవద్దు. ఎక్కినాక కింద కూర్చోండి, బరువు అన్ని వైపులా సమంగా ఉండాలి. ఫోటోకోసం లేవవద్దు. మా కాలంలో పద్నాలుగు మందికి ఒక కెమెరా. మీకు మనిషికొకటి ఉన్నది. అంటే ప్రమాదం పద్నాలుగు రెట్లు.

ఇక్కడ వాన లేదు కదా అని ఏరును నమ్మవద్దు. కురువపురం దగ్గర పారే నీళ్లు కృష్ణ ఒక్కదానివే కావు, పైన భీమ కూడా వచ్చి కలుస్తుంది. ఎగువన నారాయణపూర్ గేట్లు లేపినా, ఎక్కడో మహారాష్ట్రలో ఉజని నుంచి భీమకు వదిలినా, ఇక్కడ ఎండ కాస్తుండగానే నీరు పెరుగుతుంది. మీరు ద్వీపంలో ఉండగా పెరిగితే, వచ్చిన దారి ఉండదు. బయలుదేరేముందు ఎగువ ప్రాజెక్టుల సంగతి కనుక్కోండి. నీటి అంచున ఒక రాయి గుర్తు పెట్టుకొని గంటకొకసారి చూడండి. రాయి మునుగుతున్నదంటే ప్రసాదంకోసం కూడా ఆగవద్దు. పొద్దు గూకకముందే ఒడ్డుకు చేరాలి. చీకటిలో బండా నీళ్లూ ఒకటే రంగు.

సోమశిల దిక్కు సంగతి వేరు. అక్కడ ఏరు చెరువులాగా నిలబడి, సముద్రమంత కనిపిస్తుంది. నిలువ నీరే కదా అనిపిస్తుంది. కాని అంత వెడల్పు నీటి మీద గాలి లేస్తే అలలు లేస్తాయి. శ్రీశైలం డ్యాం కట్టినప్పుడు మునిగిన నేల అడుగున గోడలు, మొద్దులు, గుట్టలు ఉంటాయి. ఒడ్డున మోకాలి లోతని దిగితే రెండవ అడుగు ఎక్కడ పడుతుందో తెలియదు. బండల మీద పాకుడు, బండల మధ్య మడుగులు. కృష్ణలో మొసళ్లు కూడా ఉన్నాయి. స్థానికులు స్నానం చేసే చోటనే, వారు చేసే వేళలోనే చేయండి.

ఎవరైనా మునుగుతుంటే వెంటనే దూకవద్దు. తాడు, చున్నీ, పొడుగాటి కర్ర, మూత బిగించిన ఖాళీ డబ్బా, ఏది దొరికితే అది అందించండి. మీరే పడితే ఎదురీదవద్దు. నీటి వెంబడి పోతూ మెల్లగా అడ్డంగా ఒడ్డుకు జరగాలి. పైకి తీసిన మనిషికి ఊపిరి లేకపోతే మన ఊళ్లలో తలకిందులు చేసి తిప్పుతారు, కడుపు మీద ఒత్తుతారు. అది తప్పు. వెల్లకిల పడుకోబెట్టి, నోటితో ఊపిరి ఊది, గుండె మీద ఒత్తుతూ ఉండాలి. ఒకరు 108 కు ఫోను చేయాలి. ఇది పుస్తకంలో చదివితే రాదు, చేతితో నేర్చుకోవాలి. మన కళాశాలలో ఏటా ఒక పూట దీనిని నేర్పించమని అధ్యాపకులను, విద్యార్థి సంఘాన్ని కోరుతున్నాను. వార్షికోత్సవంలో ఒక పాట తగ్గినా ఫరవాలేదు.

ఈ మాటలు యాత్రలకే కాదు. ఈతగాడు మొన్న కలిసినప్పుడు ఒక మాట అన్నాడు. "ఆనాడు నన్ను మింగబోయిన కృష్ణ ఇయాల నన్ను ఎతుక్కుంట మా పొలంకాడికే ఒచ్చింది" అని. ఎల్లూరు దగ్గర ఎత్తిపోసిన నీళ్లు కాలువలలో మా దిక్కు వస్తున్నాయి. తరతరాలుగా ఆశపడ్డ నీళ్లు. కాని సిమెంటు వేసిన కాలువ గోడ జారుడుబండ. పడినవాడికి పట్టు దొరకదు. నీళ్లు లేని సీమకు నీళ్లు వచ్చినాయి, నీళ్ల తెలివి ఇంకా రాలేదు. బావి ఈతతో బ్రతికిపోయే రోజులు మా పిల్లలకు లేవు.

ఆ రేవులోని తాత అప్పటికే ముసలివాడు. పేరు కూడా అడగలేదు. ఆయనకు ఇచ్చిన మాట దాదాపు నలభై ఏళ్లు ఆలస్యంగా తీరుస్తున్నాను. సంపాదకులు అనుమతిస్తే, 1986 నాటి నా నివేదికలోని చివరి వాక్యాన్ని తీసివేసి ఇట్లా చదువుకోవలసిందిగా పాఠకులను కోరుతున్నాను:

"పద్నాలుగు మందిమి పోయినాము. పద్నాలుగు మందిమి తిరిగి వచ్చినాము. అందులో మా తెలివి ఏమీ లేదు. మేము ఎగతాళి చేసిన ఒక ముసలాయన మా వెనుకే వచ్చినాడు."